పేజీ అడుగున పేరు

“నలభై ఒకటో ఫుట్‌నోట్ నేను రాయలేదు నాన్నా. మరి ఎవరు రాశారు?”

లిడియా ఈ ప్రశ్న వేయడం ఇది మూడోసారి. మొదటిసారి నిన్న సాయంత్రం సెమినార్ నుంచి వచ్చీ రాగానే, చెప్పులైనా విప్పకుండా అడిగింది. రెండోసారి ఇవాళ పొద్దున కాఫీ గ్లాసు చేతికిస్తూ అడిగింది. ఇప్పుడు ఇడ్లీ పళ్లెం ముందు కూర్చున్న తండ్రి ఎదుట, తన థీసిస్‌లో నూట పన్నెండో పేజీ తెరిచి పట్టుకుని నిలబడింది.

జాన్ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నాడు. ఇడ్లీ ముందు ఆయన చేసే ప్రార్థన ఎప్పుడూ అర నిమిషం దాటదు. ఇవాళ అయిదు నిమిషాలైనా ఆమేన్ దాకా రాలేదు.

“ఏవండీ, పిల్ల అడుగుతోంది,” అంది విజయకుమారి వంటింటి గుమ్మంలోంచి. “దేవుడెక్కడికీ పోడు. ముందు దానికి జవాబు చెప్పండి.”

జాన్ కళ్లు తెరిచాడు. పళ్లెం పక్కకు జరిపాడు.

“నాకు ఆకలిగా లేదు. శ్రమదినాలు కదా, ఈస్టర్ దాకా ఉపవాసాలే.”

“శ్రమదినాలు మీకూ వచ్చాయి, నాకూ వచ్చాయి. నేను తినలేదా?”

జాన్ అంటే ముప్పై రెండేళ్ల కిందట రేపల్లె నుంచి ఒక్క తెలుగు టైపు మిషన్‌తో వచ్చి, తార్నాకలో ఈ ఇంటి ముందుగదిలో టైపింగ్ బోర్డు కట్టిన మనిషి. యూనివర్సిటీ క్యాంపస్‌లో సగం మంది పీహెచ్‌డీ డాక్టర్లు ఈ గదిలోంచి వెళ్లినవాళ్లే. మిషన్ పోయి కంప్యూటర్ వచ్చినా ఆయన అలవాటు ఒకటి పోలేదు. ప్రతి థీసిస్ చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ‘టైపింగ్: జాన్, తార్నాక’ అని కొట్టేవాడు. ఆ గీత ఉందంటే లోపల తప్పులుండవని పేరు. అటువంటి మనిషి కన్నకూతురి థీసిస్‌లోనే తప్పు దొర్లించాడు. దొర్లించి ఊరుకున్నాడా అంటే, అదీ లేదు, కిక్కురుమనకుండా కూర్చున్నాడు.

ఆ తప్పు ఎంతటిదో నిన్న హాలంతా విన్నది.

1969 తెలంగాణ ఉద్యమంలో పోలీసులు హాస్టల్ చుట్టూ మోహరించి, వార్డెన్ చేత మెస్సుకు తాళం వేయించారు. లోపల మూడొందల మంది పిల్లలు. మెస్సులో వంటచేసే లచ్చయ్య వెనక కిటికీ ఊచలు వంచి లోపలికి దూరి, మూడు రోజులు వాళ్లకు కిచిడీ వండిపెట్టాడు. అందుకు ఎనిమిది నెలలు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ ముచ్చటంతా లచ్చయ్య నోటితోనే లిడియా రికార్డు చేసుకుంది. థీసిస్‌లో ఆయన మాటలు పద్నాలుగు చోట్ల ఉన్నాయి. మొదటి చోట పేజీ అడుగున ఆయన పేరు, ఊరు, మాట్లాడిన తేదీ వివరంగా రాసింది. తక్కిన పదమూడు చోట్లా ‘పైదే’ అని రాసింది. పైన పేరున్న మనిషే ఇదీ చెప్పాడని దాని అర్థం. పరిశోధన చేసేవాళ్లంతా చేసే పనే అది.

ఇప్పుడు లచ్చయ్య పేరుకూ ఆ పదమూడు పైదేలకూ మధ్య ఇంకో ఫుట్‌నోట్ వచ్చి కూర్చుంది. ‘కొండలరావు, వార్డెన్ జ్ఞాపకాలు, పుట 58.’ దాంతో పదమూడు పైదేలూ ఒక్కసారిగా వార్డెన్ కొండలరావు వైపు తిరిగిపోయాయి. మెస్సుకు తాళం వేసిన వార్డెనే ‘మూడు దినాలు పొయ్యి ఆరనియ్యలె’ అని గొప్పలు చెప్పుకున్నట్టయింది.

నిన్న సెమినార్‌లో లేచి ఆ పేజీ చదివిన పిల్ల స్వరూప. ఎం.ఏ. చదువుతోంది. లచ్చయ్యకు మనవరాలు.

“మా తాత మాటలు తీస్కపోయి మీ ఆంధ్ర వార్డెన్ నోట్ల పెట్టినవ్ అక్కా,” అన్నది. గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది.

ఇక హాల్లో లేచిన గొడవ అంతా ఇంతా కాదు. బయట చూస్తే మళ్లీ అదే ఉద్యమం, క్యాంపస్ గేట్ల దగ్గర ముళ్లకంచెలు, రోజుకో బంద్. లోపల గుంటూరు జిల్లా మూలాలున్న అమ్మాయి తెలంగాణ ముసలాయన మాటలు ఎత్తుకుపోయింది. ఎవరు మాత్రం ఊరుకుంటారు?

“నాన్నా,” అంది లిడియా. “నేను ఫైల్ నీకిచ్చినప్పుడు అది లేదు. నువ్వు తిరిగిచ్చినప్పుడు ఉంది. మధ్యలో ఎవరు ముట్టుకున్నారు?”

“నేనే,” అన్నాడు జాన్.

విజయకుమారి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

“ఎందుకు నాన్నా?”

“కొండలరావు గారు... క్రిస్మస్ ముందు పోయారు కదమ్మా. హబ్సిగూడలో ఆయన్ని చూడ్డానికి వెళ్లాను. మంచం మీద ఉన్నారు. ఆ పుస్తకం నేనే కొట్టి, నేనే అచ్చు వేయించాను ఆయనకి. రెండొందల కాపీల్లో నూట ఎనభై అటక మీదే ఉన్నాయి. ‘జాన్, నా పుస్తకాన్ని ఎవరైనా ఎక్కడైనా ఉదహరించారా’ అని అడిగారు. ఏం చెప్పను? నాకీ ఊళ్లో మొట్టమొదటి పని ఇప్పించింది ఆయనే. ఒక్కచోట పేరుంటే ఏం పోతుందిలే అనుకున్నాను. ఆయన పుస్తకంలో కూడా ఆ మెస్సు తాళం సంగతి ఉంది. తేదీ సరిపోయింది. పెట్టాను.”

“నాకొక్క మాట చెప్పకుండా?”

“చెబితే నువ్వు ఒప్పుకోవుగా.”

“పైదేలు చూసుకోలేదా?”

“కంప్యూటర్ నంబర్లన్నీ అదే మార్చుకుంది. నలభై ఒకటి నలభై రెండయింది, నలభై రెండు నలభై మూడయింది. అంతా సర్దుకుందనుకున్నాను.” ఆయన తల వంచుకున్నాడు. “మిషన్ రోజుల్లో మధ్యలో ఒక నోట్ చేర్చాలంటే అధ్యాయమంతా మళ్లీ కొట్టాల్సి వచ్చేది. ఒక్కో పైదే మళ్లీ చూసుకునేవాణ్ని. దీంతో ఆ భయం పోయింది.”

లిడియా థీసిస్ మూసేసింది. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఏది ముందు బయటపెట్టాలో తెలియలేదు.

“ఒక్కచోట కాదు నాన్నా. పదమూడు చోట్ల పెట్టావు ఆయన్ని. పదమూడు చోట్ల లచ్చయ్య తాతని తీసేశావు.”

జాన్ పళ్లెం మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. ఒక ముక్క తుంచాడు. తినలేదు.

*

క్యాంపస్ లోపలికి వెళ్లడానికి లిడియా రెండుసార్లు గుర్తింపు కార్డు చూపించాల్సి వచ్చింది. గాలిలో ఇంకా నిన్నటి టియర్ గ్యాస్ ఘాటు. ఆర్ట్స్ కాలేజీ వైపు నుంచి డప్పుల మోత, నినాదాలు. డిపార్ట్‌మెంట్ వరండాలో ఎదురుపడ్డ ఇద్దరు స్నేహితులు పలకరించారు గానీ ఆగలేదు. నిన్నటిదాకా ఆమె టిఫిన్ డబ్బా మూత తీసి తినేవాళ్లే వాళ్లు.

గైడు సోమయాజులు తన గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాడు. మంచివాడే. రిటైర్మెంట్‌కు ఏడాది ఉంది, ఆ ఏడాది ఏ గొడవా లేకుండా గడిస్తే చాలని మొక్కుకుంటున్న మంచివాడు.

“రేపు నాలుగింటిలోపు కాపీలు లోపల పడాలి లిడియా. రిజిస్ట్రేషన్ రేపటితో అయిపోతుంది. ఇంక పొడిగించరు. ఆరేళ్లయింది, ఆ సంగతి నీకూ తెలుసు.”

“ఆ పేజీలు సరిచేసి ఇస్తాను సార్. ఎంత పని? పద్నాలుగు నోట్లు.”

“నోట్లు సరిచేస్తే సరిపోయేది, నిన్నటిదాకా అయితే. ఆ అమ్మాయి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చింది.” ఆయన ఒక కాగితం తీసి మళ్లీ ఫైల్లో పెట్టేశాడు. “హెడ్ గారు రెండు అడుగుతున్నారు. ఒకటి, సరిచేసిన పేజీలు తనకు సమ్మతమని ఆ లచ్చయ్య సంతకం. రెండు, తప్పు ఎలా జరిగిందో నువ్వు సంతకం పెట్టిన వివరణ. అది థీసిస్‌లోనే మొదటి పేజీగా కుడతారు.”

“ఏమని రాయను?”

“టైపిస్టు పొరపాటని రాయి. పేరు పెట్టి రాయి. పేరు లేకపోతే సాకు అంటారు.”

లిడియా పెన్ను మూత తీసి మళ్లీ పెట్టేసింది.

“ఆ టైపిస్టు మీ నాన్నగారని నాకు తెలియదనుకోకు. నా థీసిస్ కూడా ఆయనే కొట్టాడు. తెలిసే చెబుతున్నాను.”

“నా పొరపాటే అని రాస్తే?”

“ఏమని? ఇంటర్వ్యూ చేసింది నువ్వు, రికార్డు నీ దగ్గరే ఉంది, అయినా నీ చేత్తో ఇంకొకాయన పేరు పెట్టానని రాస్తావా? దాన్ని పొరపాటు అనరమ్మా. దానికి వేరే పేరుంది. థీసిస్ అక్కడితో వెనక్కి పోతుంది.” సోమయాజులు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఎవరి మాట వాళ్ల పేరు మీద ఉండాలని ఆరేళ్లుగా నీకు చెబుతూనే ఉన్నాను. అది సాక్షికే కాదు. తప్పుకి కూడా.”

ఆయన ఇంత సూటిగా మాట్లాడతాడని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. పాపం, ఆయనే అనుకుని ఉండడు. వెంటనే లేచి వెళ్లి తలుపు బయటికి తొంగి చూశాడు.

లచ్చయ్య ఇంటికి నడుస్తూ లిడియా లెక్కపెట్టుకుంది. వివరణ రాస్తే నాన్న పేరు లైబ్రరీలో శాశ్వతంగా తప్పు చేసినవాడుగా నిలిచిపోతుంది. ముప్పై రెండేళ్లు ఆ పేరు మీదే బతికాడు. రాయకపోతే ఆరేళ్ల చదువూ మట్టిలో కలిసి, లచ్చయ్య ముచ్చట ఎవరికీ అందకుండా పోతుంది. మూడో దారి ఏదైనా ఉందేమోనని లాలాపేట దాకా వెతుక్కుంటూనే వెళ్లింది. బస్సుల్లేవు. మల్కాజ్‌గిరి దాకా నడకే.

*

లచ్చయ్య ఇల్లు మల్కాజ్‌గిరి స్టేషన్ వెనక సందులో ఉంది. ఇంతకుముందు తొమ్మిదిసార్లు వచ్చింది లిడియా. తొమ్మిదిసార్లూ టేప్ రికార్డర్ బయటికి తీయకముందే ముందర పళ్లెం పెట్టేవాడు. “ముందుగల తిను బిడ్డా. కడుపుల పడ్డంక ముచ్చట,” అనేవాడు. ఇవాళ ఆయన గడపలో కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తున్నాడు. తల ఎత్తి చూసి మళ్లీ పనిలో పడ్డాడు. మంచినీళ్లు కూడా అడగలేదు.

స్వరూప లోపలినుంచి, సెమినార్‌లో ఇచ్చిన థీసిస్ కాపీ తెచ్చి తాత పక్కన పెట్టింది.

“కూసో,” అన్నాడు లచ్చయ్య.

ఆయనకు చదువు రాదు. తన పేరు ఒక్కటి రాయడం నేర్చుకున్నాడు, జీతం పుస్తకంలో వేలిముద్ర వేయడం నామోషీ అనిపించి. అంచేత తన పేరు ఎక్కడ కనబడ్డా గుర్తుపడతాడు. నూట పన్నెండో పేజీ తెరిచి వేలు అడుగున పెట్టాడు. వేలు ఒకచోట ఆగింది.

“గిది నేను,” అన్నాడు. పేజీ తిప్పాడు. వేలు ఆ కొస నుంచి ఈ కొసకు జరిగింది. ఇంకో పేజీ. ఇంకో పేజీ. “గీడ లేను. గీడ లేను. గీడ గూడ లేను.”

“అక్కడ పైదే అని ఉంటుంది తాతా. అంటే మీరే...”

“నేను కాదట గదా. వార్డెన్ సారట.”

ఒక రైలు చాలా పెద్ద చప్పుడు చేసుకుంటూ పోయింది.

“నీకు మొదలే చెప్పిన,” అన్నాడు లచ్చయ్య. “వెనుకట, ఎమ్మర్జెన్సీ అయిపోయినంక, వెంకటసుబ్బారావని ఒక సారు వచ్చిండు. మీ దిక్కాయనే. మంచిగ మాట్లాడిండు. నీ లెక్కనే అన్నీ అడిగి రాసుకున్నడు. ‘నీ పేరు పుస్తకంల పెడత లచ్చన్నా’ అన్నడు. పుస్తకం అయినంక మా మెస్ క్లర్కు చదివి చెప్పిండు. ఏమున్నది? ‘ఒక వంటమనిషి’ అని ఉన్నది. కొలువు పోయి ఎనిమిది నెలలు నా పిల్లలకు గంజి పోసి సాకిన. ఒక వంటమనిషి! గా సారును ముప్పై ఏండ్ల సంది తిట్టుకుంటనే ఉన్న. నువ్వొచ్చినప్పుడు ఏమన్న?”

“పేరు పెడితేనే చెబుతానన్నారు.”

“పెట్టినవా?”

లిడియా సంచిలోంచి సమ్మతి కాగితం తీసింది. అన్ని చోట్లా పేరు సరిచేస్తానని, రేపు సాయంత్రంలోపు ఆయన సంతకం లేకపోతే థీసిస్ లోపలికే పోదని, దాంతో ఆయన ముచ్చట కూడా పోతుందని చెప్పింది. లచ్చయ్య మొత్తం విన్నాడు. వెల్లుల్లి రెబ్బ ఒకటి గిన్నెలో వేశాడు.

“పెడత. సంతకందేమున్నది. కానీ ఎవరు చేసిన్రు గీ పని?”

ఇదిగో, ఇక్కడ దొరికిపోయింది లిడియా. వచ్చే దారిలో వెతుక్కున్న మూడో దారి నాలుక చివర సిద్ధంగా ఉంది.

“కంప్యూటర్ పొరపాటు తాతా. నంబర్లు అదే మార్చేసింది.”

స్వరూప నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు.

“అక్కా, కంప్యూటర్ నంబర్లు మారుస్తది. కొండలరావు పేరు, పుస్తకం పేరు, పేజీ నంబర్ అదే రాసుకుంటదా? నేను గూడ అసైన్‌మెంట్లు చేస్తున్న.”

లచ్చయ్య ఆమె వైపు చూడలేదు. కాగితాన్ని మెల్లగా మడిచి ఆమె చేతిలోనే పెట్టాడు.

“మిషన్‌ను అడిగితే ఏం చెప్తది బిడ్డా? చేసిన మనిషికి ఒక పేరుంటది. గా పేరు తెలుసుకొని పొద్దుగాల రా. అప్పుడు పెడత.”

“తాతా, ఒక్కసారి...”

“ఎండ ఎక్కువైతున్నది. పో.”

ఆమె సందు మలుపు దాకా వెళ్లి వెనక్కి చూసింది. స్వరూప థీసిస్‌లో చివరి పేజీ తిప్పి, అడుగున ఏదో తాతకు చదివి వినిపిస్తోంది.

*

తార్నాక చేరేసరికి నాలుగున్నర. ముందుగదిలో కంప్యూటర్ వెలుగుతోంది. జాన్ పొద్దుటి చొక్కాతోనే కూర్చుని టైపు చేస్తున్నాడు. పక్కన అన్నం పళ్లెం మూతపెట్టింది మూతపెట్టినట్టే ఉంది.

“పొద్దున నువ్వు వెళ్లినప్పుడు కూర్చున్న మనిషి లేవలేదు,” అంది విజయకుమారి గొంతు తగ్గించి. “నాతో మాట్లాడరు. చర్చి నుంచి ఫోనొస్తే తీయరు. వాళ్లు ఆంధ్రావాళ్లు, ఏదో చేశారని వీధిలో అప్పుడే అనుకుంటున్నారు తెలుసా? ముప్పై ఏళ్లలో ఈ వీధిలో ఎవరి చేతా ఒక మాట పడలేదే లిడియా!”

“అమ్మా, కాసేపు ఆగు.”

జాన్ ప్రింటర్ లోంచి నాలుగు కాగితాలు తీసి కూతురికి అందించాడు. సరిచేసిన పేజీలు. కొండలరావు నోట్ లేదు. పైదే అన్న మాట ఎక్కడా లేదు. పద్నాలుగు చోట్లా లచ్చయ్య పేరు, మల్కాజ్‌గిరి, తేదీ, మొదటినుంచి చివరిదాకా వివరంగా కొట్టి ఉన్నాయి.

“ఇంక ఎవరు మధ్యలో దూరినా ఆయన పేరు కదలదు,” అన్నాడు.

అయిదో కాగితం ఆయన చేతిలోనే ఉంది. అదీ ఇచ్చాడు. ‘నలభై ఒకటో ఫుట్‌నోట్‌ను పరిశోధకురాలికి తెలియకుండా చేర్చినవాడు టైపిస్టు జాన్, తార్నాక. తప్పు పూర్తిగా అతనిదే.’ కింద సంతకం కూడా చేసేశాడు.

ఆయన మీద లిడియా పొద్దుటినుంచి మోస్తున్న కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. కోపం ఉన్నంతసేపూ కాస్త ధైర్యంగానే ఉంది.

“ఇది లైబ్రరీలో ఉండిపోతుంది నాన్నా. రేపటినుంచి నీ దగ్గరికి ఎవరొస్తారు?”

“లచ్చయ్యకు నా పేరు చెప్పావా?”

ఆమె సంతకం లేని సమ్మతి కాగితం సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

“చెప్పలేదు కదూ.”

“కంప్యూటర్ తప్పన్నాను.”

జాన్ లేచి, బల్ల కింద ఉన్న పాత టైపు మిషన్ చెక్కపెట్టెను బయటికి లాగాడు. మిషన్ ఎప్పుడో అమ్మేశాడు. పెట్టె నిండా పాత రాతప్రతులు. థీసిస్ పని అయిపోయాక రాసినవాళ్లు తీసుకుపోని చేతిరాత కాగితాలు ఆయన ఎప్పుడూ పారేయలేదు. అట్టడుగు నుంచి పసుపుపచ్చగా మారిన కట్ట ఒకటి తీశాడు. వెతుక్కోలేదు, ఎక్కడుందో ఆయనకు తెలుసు.

“లచ్చయ్య దగ్గరికి మొదటిసారి వెళ్లొచ్చిన రోజు నువ్వు అన్నం తింటూ చెప్పావు గుర్తుందా? ఎవరో సారు లచ్చయ్య పేరు తీసేసి వంటమనిషి అని రాశాడని.”

గుర్తుంది. ఆ రోజు నాన్న సగం అన్నంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అమ్మ కూర బాగాలేదనుకుంది.

“ఆ వెంకటసుబ్బారావు గారి థీసిస్ నేను కొట్టిన మొదటి థీసిస్,” అన్నాడు జాన్. “ఆయన లచ్చయ్య పేరు రాశాడమ్మా. రాశాడు.”

నూలు దారం విప్పి ఒక పేజీ పైకి తీశాడు. నీలం సిరాతో గుండ్రటి చేతిరాత. మధ్యలో ‘లచ్చయ్య’ అనే పేరు మీద ఎర్రగీత. పైన, వేరే చేతిరాతతో, ‘ఒక వంటమనిషి’. ఆ వేరే చేతిరాతను లిడియా చిన్నప్పటినుంచీ ప్రోగ్రెస్ కార్డుల మీద చూస్తోంది.

“కొండలరావు గారు చెప్పారు. పేరుంటే ఆ మనిషికే మళ్లీ ఉద్యోగం పోతుంది జాన్, తీసెయ్ అన్నారు. నాకా పని ఇప్పించింది ఆయనే. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. తీసేశాను. వెంకటసుబ్బారావు గారు ఏదో ఊళ్లో ఉద్యోగంలో చేరే తొందరలో ఉండి చూసుకోలేదు. ఆ పేరు అప్పుడూ తీసింది నేనే. ఇప్పుడూ నేనే.”

విజయకుమారి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. “ఇన్నేళ్లూ ఒక్క మాటైనా...” అని మొదలుపెట్టి ఆపేసింది.

బయట ఆటో ఆగిన చప్పుడయింది.

బంద్ రోజున, అదీ తార్నాకలో, ఈ వేళకి ఆటో ఎవరిదా అని లిడియా కిటికీలోంచి చూసింది. ముందు స్వరూప దిగింది. తర్వాత, చెయ్యి పట్టుకుని, లచ్చయ్య.

ఆయన గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. గది నలుమూలలా చూశాడు. ఎవరూ కూర్చోమనకముందే, థీసిస్‌లు కొట్టించుకునేవాళ్లు కూర్చునే కుర్చీ లాక్కున్నాడు.

“పుస్తకం ఆఖర్ల పేరున్నదట గదా, నా మనవరాలు చదివింది,” అన్నాడు. “ముందుగల కృతజ్ఞతలల్ల గూడ అదే పేరున్నదట, మా నాన్న అని. నువ్వేనా?”

“నేనేనండి. జాన్ అంటారు,” అన్నాడు జాన్. ఆ పచ్చబడ్డ కాగితం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. “మీకు ఫుట్‌నోట్ సంగతి చెబుతాను. కానీ ముందు ఇది చూడండి.”

“నాన్నా!” అంది లిడియా. అది చూపిస్తే ఇక సంతకం ఎక్కడిది?

జాన్ ఆమె వైపు చూడలేదు. కాగితం లచ్చయ్య ముందు పెట్టాడు. ముసలాయన వేలు మొదటి వరుస నుంచి దిగింది. రెండు, మూడు, నాలుగు. అయిదో వరుసలో ఆగింది. గోరు ఎర్రగీత మీద అటూ ఇటూ జరిగింది.

“గిది నా పేరు.”

“అవునండి.”

“గా సారు రాసిండా?”

“రాశారు. గీత కొట్టింది నేను.”

లచ్చయ్య ఆ పేజీనే చూస్తూ ఉండిపోయాడు. ముప్పై ఏళ్లు తిట్టుకున్న మనిషి గుర్తొచ్చాడో, తిట్టాల్సిన మనిషి ఎదురుగా ఉన్నాడని తోచిందో. ఆయన ముఖం చూస్తే తెలియలేదు.

సమ్మతి కాగితం బల్ల మీదే ఉంది. పక్కనే పెన్ను. లచ్చయ్య వాటిని ముట్టుకోలేదు, లేచి వెళ్లిపోనూ లేదు. తల తిప్పి లిడియా వైపు చూశాడు.

“నువ్వు నాకు మిషన్ అన్నవ్ బిడ్డా. అప్పటికే గీయన పేరు నీకెర్కనే ఉండె గదా?”

లిడియా తల ఊపింది.

“కూసో. నువ్వు గూడ కూసో జానన్నా.” లచ్చయ్య పచ్చకాగితాన్ని మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. “మొదటి సంది చెప్పున్రి. గా సారు ఏం రాసిండు, వార్డెన్ ఏం చెప్పిండు, నువ్వేం కొట్టినవ్, గీ పిల్ల ఏం దాచింది. ఎవరిది వాళ్ల పేరు మీద చెప్పున్రి. విన్నంక చెప్త, సంతకం పెడతనో లేదో.”

విజయకుమారి మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన తాగలేదు.